బాలభటోద్యమము – బళ్ళారి – నా మనుమడు

మన సంఘము వారు ఈ సంచికకై ఏదేని చరిత్ర విషయమును వ్రాయుమని కోరినపుడు నేను కొంత సంకోచించితిని. నేను పండితుడను గాను. పదవ తరగతితో చదువు ముగించి, గుమాస్తాగా ముప్పది యారేండ్లు దస్త్రములు త్రిప్పి విశ్రాంతి పొందినవాడను. బళ్ళారి కోటను గూర్చి, హంపీ శిథిలములను గూర్చి, రాఘవాచార్యుల వారి నటనను గూర్చి సాధికారముగ వ్రాయగల పెద్దలు మనలో పెక్కుమంది కలరు. కావున నేను వారి త్రోవకు అడ్డు రాక, నా యింటి గడప మీదుగా నడచి వచ్చిన యొక చిన్న చరిత్రను చెప్పదలచితిని. అది స్కౌటు ఉద్యమ చరిత్ర. దానిని నాకు చదివించినవాడు నా మనుమడు.

స్కౌటు అను పదమునకు మన పెద్దలు తెలుగున బాలభటుడని పేరు పెట్టిరి. కన్నడమువారు బాలచరుడనిరి. మాది రెండు భాషలు కలిసిన సీమ గనుక రెండు పేర్లును మా చెవుల బడుచుండును. భటుడనగా కొలువు చేయువాడు, చరుడనగా సంచరించి చూచివచ్చువాడు. ఈ రెంటిలో ఏది సరియని నేను మొదట తర్కించుచుంటిని. ఇప్పుడు ఆ తర్కము విడిచితిని. చూడ నేర్వనివాడు కొలువు చేయజాలడని నా మనుమని వలన తెలిసికొంటిని.

ఈ యుద్యమమునకు మూలపురుషుడు రాబర్ట్ బేడెన్ పవెల్ అను ఆంగ్ల సేనాని. ఆయన 1857 ఫిబ్రవరి 22వ తేదీన లండనులో జన్మించి, 1876లో అశ్విక దళాధికారిగా హిందూదేశమునకు వచ్చెను. పిమ్మట మీరట్టులో నున్నపుడు సైనికులకు జాడలు తీయుట, ఒంటరిగా త్రోవ కనుగొనుట, చూచినదానిని సరిగా చెప్పుట అను విద్యలను నేర్పి, ఆ పాఠములను 1899లో పుస్తకముగ వెలువరించెను. ఆ సంవత్సరమే దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము ఆరంభమయ్యెను. మాఫెకింగ్ అను పట్టణమును శత్రువులు చుట్టుముట్టగా, ఆయన 217 దినములు దానిని నిలుపుకొనెను. ఆ ముట్టడిలో ఊరి పిల్లలు వార్తలు మోయుచు, కావలి పనులలో తోడ్పడుచు, పెద్దలకు దీటుగ మెలగిరి. బాధ్యత నప్పగించినచో బాలుడు దానికి తగినట్లు ఎదుగునను మాట ఆయన మనస్సున అప్పుడు నాటుకొనెను.

ఇచ్చట మన బళ్ళారి వారు ఎరుగదగిన విషయ మొకటి కలదు. ఆ యుద్ధమున ఆంగ్లేయులకు చిక్కిన బోయరు ఖైదీలను వేలకొలదిగ ఓడలలో హిందూదేశమునకు తెచ్చి పలు చోట్ల శిబిరములలో నుంచిరి. ఆ శిబిరములలో బళ్ళారి యొకటి. స్కౌటు ఉద్యమమునకు బీజము వేసిన యుద్ధము తన బందీలను మన కంటోన్మెంటు ఎండలో నిలిపినదన్నమాట. మనము దూరదేశపు కథ యనుకొను దానికి మన పెరటిలోనే ఒక కొన యుండుట ఇట్టిదే.

1907 ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లాండులోని బ్రౌన్‌సీ యను చిన్న దీవిలో ఇరువది మంది బాలురతో ఒక శిబిరము నడపెను. వారిలో గొప్పింటి పిల్లలును కూలివారి పిల్లలును కలరు. వారిని నాలుగు దళములుగ విభజించి, ఒక్కొక్క దళమునకు ఒక బాలునే నాయకునిగ నుంచెను. మరుసటి యేడు ఆయన బాలురకై వ్రాసిన గ్రంథము వెలువడగనే ఉద్యమము దేశదేశములకు ప్రాకెను. 1909లో మన బెంగుళూరులో కాప్టెన్ బేకరు అను నాయన హిందూదేశమున తొలి స్కౌటు దళమును నెలకొల్పెను. కాని ఆ దళమున ఆంగ్లేయుల పిల్లలకును, ఆంగ్లో ఇండియను పిల్లలకును మాత్రమే ప్రవేశము. ఈ దేశపు గాలి, నీరు, అడవులు వాడుకొనవచ్చును గాని, ఈ దేశపు పిల్లవాడు మాత్రము ఆ కండువా మెడకు చుట్టుకొనరాదు. శిక్షణ పొందిన భారతీయ బాలుడు రేపు విప్లవకారుడు కాగలడని దొరతనము వారు శంకించిరి.

ఆ తలుపును తట్టినవారిలో మొదట చెప్పదగినది డాక్టరు అనీ బెసెంటమ్మ. ఆమె 1916లో మదరాసున, జార్జి అరండేలు గారి తోడ్పాటుతో, భారతీయ బాలుర కొరకు స్కౌటు సంఘమును స్థాపించెను. ఆ బాలురకు తొప్పికి బదులు తలపాగాయు, ఆంగ్ల గీతములకు బదులు దేశీయ గీతములును ఏర్పడినవి. మన సీమలోని మదనపల్లెలో 1915లో దివ్యజ్ఞాన కళాశాలను నెలకొల్పిన తల్లియు ఆమెయే. 1917లో అలహాబాదున మదనమోహన మాలవీయ పండితుడు, హృదయనాథ కుంజ్రూ, శ్రీరామ వాజపేయి గారలు కలిసి సేవాసమితి స్కౌటు సంఘమును నడపిరి. 1921లో బేడెన్ పవెల్ ఈ దేశమునకు రాగా, బెసెంటమ్మ సంఘము ఆయన సంఘముతో కలిసెను. భారతీయ బాలురకు తలుపు తెరువబడెను. సేవాసమితి మాత్రము వేరుగనే నిలిచెను. 1937లో ఆయన మరల వచ్చినపుడు మనవారిని గూర్చి అన్న మాటలు పలువురిని నొప్పింపగా, 1938లో హిందూస్థాన్ స్కౌటు సంఘ మేర్పడెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ఒకే పనికి ఇన్ని సంఘము లేల యని నెహ్రూ పండితుడు, మౌలానా ఆజాదు, మంగళదాస్ పక్వాసా మొదలగు పెద్దలు పూనుకొనిరి. 1950 నవంబరు 7వ తేదీన సంఘములన్నియు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఒకే సంస్థ యయ్యెను. 1951 ఆగస్టు 15న బాలికల గైడు సంఘమును అందు చేరెను. వేరు వేరు జెండాల క్రింద నిలిచిన పిల్లలు ఒక జెండా క్రిందికి వచ్చిరి.

దేశమున పిల్లల సంఘములు కలియుచున్న ఆ దినములలోనే మా జిల్లా రెండుగ చీలుచుండెను. 1800లో నైజాము వలన కుంపిణీకి సంక్రమించి, థామస్ మన్రో దొర పాలించిన దత్త మండలములలోనిది బళ్ళారి. 1953 వరకు మదరాసు రాష్ట్రమున నుండెను. ఆ యేడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర మవతరించినపుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కిన యేడు తాలూకాలు మైసూరునకును పోయినవి. బళ్ళారి తాలూకాను గూర్చి మిశ్రా న్యాయమూర్తి విచారణ జరిపి, మైసూరునకే చెందవలెనని నిర్ణయించిరి. మా నాయన ఆనాడు బడి పిల్లవాడు. జూలైలో మదరాసు పటము చూపిన ఉపాధ్యాయుడే నవంబరులో మైసూరు పటము గోడకు వ్రేలాడదీసెనని ఆయన చెప్పుచుండెడివాడు. ఆంధ్ర నాటక పితామహుడైన ధర్మవరము రామకృష్ణమాచార్యుల వారు, కోలాచలము శ్రీనివాసరావు గారు, బళ్ళారి రాఘవ గారు తెలుగు రంగస్థలమును వెలిగించిన ఊరు మరొక రాష్ట్రపు సరిహద్దు పట్టణ మయ్యెను. దీనిని నేను ఫిర్యాదుగ చెప్పుట లేదు. కన్నడము మాకు అన్నము పెట్టిన భాష. నా కొలువంతయు అందే గడచినది. కాని గడప కీవల తెలుగు, ఆవల కన్నడము అను బ్రతుకు మాకు అప్పుడే స్థిరపడెను.

ఇక నా సంగతి. 1970లో నాకు పండ్రెండేండ్లు. మా బడిలో స్కౌటు దళ ముండెను. శనివారము సాయంకాలము వారు ఖాకీ చొక్కాలు తొడిగి, ఈల వేయగనే వరుసలు తీరుట చూచి నా ప్రాణము లేచి వచ్చెడిది. చేరుదునని మా నాయనను అడిగితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, “ఆ చొక్కా డబ్బుతో నీకు యేడాదికి సరిపడా నోటుబుక్కులు వస్తాయి నాయనా” అనెను. నేను మరల అడుగలేదు. మా నాయన తప్పు చేసెనని ఆనాడును అనుకొనలేదు, నేడును అనుకొనను. కాని శనివారపు ఈల వినబడినపుడెల్ల కిటికీ వద్దకు పోయి నిలుచుట మాత్రము మానలేకపోతిని.

నా మనుమడు ఆరేండ్ల వాడై యుండగా ఒకనాడు బడి నుండి వచ్చి, “తాతా, మా అకేలా చెప్పింది, రోజూ ఒక మంచి పని చేయాలంట” అనెను. అకేలా యనగా నేను హిందీ పదమై యుండునని, ఎవరో ఒంటరి మనిషి యనుకొంటిని. తీరా విచారింపగా, పదేండ్ల లోపు పిల్లలు కబ్బులని, వారికి శిక్షణ నిచ్చు ఉపాధ్యాయినికి అకేలా యని పేరని తెలిసెను. ఆ పేరు కిప్లింగు వ్రాసిన అడవి కథలోని తోడేళ్ళ నాయకునిది. బొంబాయిలో పుట్టిన కవి మన మధ్య పరగణాల యడవిని కథగ వ్రాయగా, ఆ కథ సీమకు పోయి, స్కౌటు పిల్లల ఆటయై మరల బళ్ళారి బడికి వచ్చినది.

ఆనాడు వాడు చేసిన మంచి పని వాళ్ళ అవ్వకు సూదిలో దార మెక్కించుట. చీకటి పడిన పిదప పెరటికి పోవలె నన్నచో అవ్వ కొంగు పట్టుకొను పిల్లవాడు వాడు. ఆ భయము ఏనాడు పోయినదో మేము గమనింపలేదు. పిల్లల యెదుగుదల ఇట్లే యుండును. మొక్కకు నీరు పోయువానికి ఆకు విచ్చు క్షణము కనబడదు.

పదేండ్లు నిండగనే వాడు స్కౌటయ్యెను. ప్రవేశము, ప్రథమ సోపానము, ద్వితీయ సోపానము, తృతీయ సోపానము, ఆపైన రాజ్య పురస్కారము, రాష్ట్రపతి పురస్కారము అని మెట్లు కలవు. ఈ పేర్లు వినినపుడు నాకు చెప్పరాని సంతోషము కలిగెను. సీమనుండి వచ్చిన విద్యకు మన మాటలతో మెట్లు కట్టిన పెద్దలు ధన్యులు. వాడు ఎడమచేతితో కరచాలనము చేయుట, మూడు వ్రేళ్ళతో వందనము చేయుట నాకు నేర్పెను. త్రాటి ముక్క నొకదానిని ఎల్లపుడు జేబులో నుంచుకొని, మంచపుకోడునకు, కిటికీ చువ్వకు ముడులు వేయుచుండెడివాడు. క్లోవ్ హిచ్ అని వాడు చూపిన ముడి, మా పల్లెలో ఎద్దును గుంజకు కట్టు ముడికి దగ్గరి చుట్టము వలె నాకు తోచెను. అది చెప్పగా, “అయితే నీకు ముందే వచ్చునా తాతా!” అని వాడు నన్ను చూచిన చూపు, కొలువులో నే నెరిగిన ఏ మెప్పుకంటెను గొప్పది.

వాడు ఏడవ తరగతికి వచ్చిన యేడు చిక్కు వచ్చెను. లెక్కలలో మార్కులు తగ్గినవి. శనివారము ట్యూషనుకు పంపవలెనని, స్కౌటు మాన్పవలెనని నా కుమారుడు నిశ్చయించెను. నన్నడుగగా, “చదువే ముఖ్యము, ముడులు అన్నము పెట్టవు” అని నేనును తలయూపితిని. పిల్లవాడు ఎదురాడలేదు, ఏడువలేదు. చొక్కాను మడతలు చెడకుండ మడిచి, కండువాను చుట్టి, ఈలను దానిపై నుంచి, నా ట్రంకుపెట్టెలో పెట్టుమని నా చేతికిచ్చెను. “నీ పెట్టెలో అయితే చెదలు పట్టవు తాతా” అనెను.

ఆ రాత్రి నాకు నిదుర పట్టలేదు. మా నాయన వద్ద నాడు డబ్బు లేదు. నా వద్ద లేనిదేమి? చొక్కా కొని యున్నది, బడి యున్నది, పిల్లవానికి ఇష్టమున్నది. మా నాయన లేమి వలన అన్న మాటను నేను అలవాటు వలన అంటిని. తెల్లవారి కుమారుని పిలిచి, “ఒరే, లెక్కలు నేను చెప్పుదును. ముప్పది యారేండ్లు పద్దులు కూడినవాడను, ఏడవ తరగతి లెక్కలకు భయపడను. శనివారము మాత్రము వానికి విడువుము” అంటిని. వాడు నవ్వి, “సరే నాన్నా, మార్కులు రాకుంటే నీదే పూచీ” అనెను. ఆ పూచీ నేటికిని నా మీద నున్నది. దశాంశముల లెక్కలకు నేనే ముందుగ తెల్లవారుజామున లేచి చదువుకొనవలసి వచ్చినది.

ఆ చలికాలమున వాడు హంపీకి సమీపమున మూడు దినముల శిబిరమునకు పోయెను. ఇల్లు విడిచి రాత్రి గడుపుట అదే మొదలు. అవ్వ జొన్నరొట్టెలు, పుట్నాల పొడి మూటగట్టెను. వాడు పోయిన రాత్రి మా యింట నలుగురము నాలుగు మూలల కూర్చుండి దోమలను తిట్టుకొంటిమి. మూడవనాడు వాడు కాలికి బొబ్బతో, ముఖముపై మసితో వచ్చి, మూడు రాళ్ళ పొయ్యి మీద తానే అన్నము వండితినని, అడుగంటినను అందరును తినిరని చెప్పెను. మాతంగ పర్వతముపై నుండి సూర్యోదయము చూచితినని, క్రింద విరూపాక్షుని గోపురము బొమ్మవలె నుండెనని చెప్పెను. పిమ్మట ఒక ప్రశ్న వేసెను: “తాతా, అక్కడ రాతిమీద అక్షరాలున్నాయి. కొన్ని చదవగలిగినాను, కొన్ని రాలేదు. అవి కన్నడమా, తెలుగా?” నాకు సమాధానము తెలియును గాని, గొంతు పెగలలేదు. నా మనుమడు తెలుగు మాటలాడునే గాని తెలుగు చదువజాలడు. బడిలో ఇంగ్లీషు, కన్నడము, హిందీ కలవు, తెలుగు లేదు. మేమును నేర్పలేదు.

తరువాత వచ్చిన కనకదుర్గమ్మ సిడిబండి ఉత్సవమున జరిగిన సంగతి చెప్పి ముగించెదను. ఆ జాతరకు మన జిల్లావారే గాక ఆంధ్ర దేశపు పల్లెలవారును వత్తురు. స్కౌటు పిల్లలు మంచినీళ్ళ పందిరి వద్ద సేవకు నిలిచిరి. నేను దూరముగ ఒక అరుగు మీద కూర్చుండి, వాడు నన్ను చూడకుండ వానిని చూచుచుంటిని. ఆలూరు వైపు పల్లె నుండి వచ్చిన ముసలమ్మ యొకతె కొడుకు చేయి తప్పి, పోలీసు జవాను ముందు ఏడ్చుచుండెను. ఆమెకు కన్నడము రాదు, అతనికి తెలుగు రాదు. నా మనుమడు గ్లాసు నీళ్ళు తీసికొని పోయి, “అవ్వా, ముందు నీళ్ళు తాగు. నీ కొడుకు పేరేమి? ఏ ఊరు? ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?” అని ఒక్కొక్కటిగ అడిగి, జవానుకు కన్నడమున చెప్పెను. మైకు వద్దకు ఆమెను చేయిపట్టి నడిపించెను. అచ్చటి వ్యక్తి కన్నడమున ప్రకటించెను. పిల్లవాడు, “తెలుగులో కూడా చెప్పండి, వాళ్ళ కొడుక్కి కన్నడం అర్థం కాదేమో” అని కన్నడమున విన్నవించెను. తనకు తెలుగు రాదని అతడు మైకును వీని చేతికే ఇచ్చెను. వాడు జేబులోని పుస్తకము నుండి కాగితము చించి, నాలుగు వాక్యములు వ్రాసికొని, వణకని గొంతుతో చదివెను.

అరగంటలో కొడుకు పరుగెత్తి వచ్చెను. ముసలమ్మ కొంగుముడి విప్పి పది రూపాయలు ఇయ్యబోగా, సేవకు డబ్బు పుచ్చుకొనరాదని వాడు చేతులు వెనుకకు పెట్టుకొనెను. “అయితే బొరుగులన్నా తిను, నాయనా. ఎవరి బిడ్డవు?” అని ఆమె అడిగెను. పిడికెడు బొరుగులు పుచ్చుకొని, వాడు తిన్నగ నేనున్న అరుగు వైపు చేయి చూపి, “మా తాత అక్కడున్నాడు” అనెను. నేను అచ్చటనే యుంటినని వానికి మొదటినుండి తెలియునన్నమాట. చరుడు గదా!

ఇంటికి వచ్చిన పిదప ఆ కాగితము నడిగి చూచితిని. మాటలు తెలుగు మాటలే. అక్షరములు కన్నడ అక్షరములు. దానిని పట్టుకొని నేను చాలసేపు కూర్చుంటిని. వాడు నా ప్రక్కన చేరి, “తప్పులున్నాయా తాతా?” అనెను. “తప్పు నీది కాదురా” అంటిని. “అయితే తెలుగు అక్షరాలు నేర్పిస్తావా? వచ్చే జాతరకు సరిగా రాస్తాను” అనెను.

మరునాటి నుండి పలక పట్టితిమి. తెలుగు కన్నడ లిపులు ఒక తల్లి బిడ్డలు. చాళుక్యుల నాటి నుండి కొన్ని శతాబ్దములు ఒకే లిపిగ నడచి, క్రమముగ వేరై, పందొమ్మిదవ శతాబ్దమున అచ్చు అక్షరములతో రెండు రూపములుగ స్థిరపడినవి. గ, ద, న, ర, బ మొదలగునవి తలకట్టు మార్చినచో చాలును. త, శ, హ లయందు మాత్రము వాడు కొన్నాళ్ళు తడబడెను. ఆరు వారములలో నా కండ్లజోడు పెట్టుకొని వార్తాపత్రిక శీర్షికలు కూడబలుకుకొని చదివెను. హంపీ రాతిమీద తాను చదువలేకపోయిన అక్షరములను చదువుటకు మరల పోవలెనని ఇప్పుడు వాని పట్టు. ఈసారి నన్నును తీసికొని పోవునట. మోకాళ్ళ నొప్పి యని చెప్పగా, ఊతకర్ర యెట్లు ఎన్నుకొనవలెనో తనకు శిక్షణలో చెప్పిరనెను.

నాయకులు సంఘములను కలిపిరి, కమీషనులు జిల్లాలను విడదీసినవి. ఈ రెండును చరిత్ర పుటల కెక్కినవి. ఆ పుటల క్రింద పిల్లలు తమ పని తాము చేయుచునే యుందురు. బిడ్డకు ఎన్ని భాషలు వచ్చిన అంతమందికి దాహము తీర్పగలడని నేను ఆ జాతరలో కన్నులార చూచితిని. కావున మన సంఘమువారికి నాదొక విన్నపము. ఏటేట నాటకములు, సన్మానములు జరుపుచున్నాము, సంతోషము. వానితోపాటు ప్రతి ఆదివారము ఒక గంట మన పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పు తరగతి నొకటి తెరువవలెను. కన్నడము వచ్చిన పిల్లలకు ఆరు వారములు చాలునని నేను పూచీ పడగలను. ఉపాధ్యాయుడు దొరకనిచో నేను వత్తును. జీత మక్కరలేదు, పలకలు చాలును. శనివారము మాత్రము నాకు వీలుపడదు. ఆ సాయంకాలము బడి గోడ ప్రక్కన నిలిచి ఈల వినవలెను.

ఆ కాగితము నా ట్రంకుపెట్టెలో, చొక్కా ఉంచిన చోటనే, భద్రముగ నున్నది. కన్నడ అక్షరముల నాలుగు వాక్యముల క్రింద, అవే నాలుగు వాక్యములను మొన్న వాడే తెలుగు అక్షరములలో వ్రాసి పెట్టెను. హ మాత్రము ఇంకను కొంచెము వంకరగ నున్నది.